ఈ కాయ ఇంకా కాలలేదు

3, సోమవారం

మా ఆవిడకు వాసన తెలియడం లేదు.

జ్వరం తగ్గింది. ఒళ్ళు తేరుకుంది. మెట్లు ఎక్కుతోంది, బట్టలు పిండుతోంది, నా మీద కేకలేస్తోంది. ముక్కు మాత్రం తిరిగి రాలేదు. ముక్కుతో పాటు నాలుక కూడా పోయింది. ఉప్పు తెలియదు, తీపి తెలియదు. నోట్లో అట్ట ముక్క పెట్టుకుని నములుతున్నట్టు ఉందట.

"ఎవరితోనూ అనకండి" అంది. మళ్ళీ తనే నవ్వింది. "మీకు ఆ ముక్క చెప్పడం దండగ. మీరు ఎవరితో అంటారు గనక!"

అదీ నిజమే. రంపం మిల్లులో ఉన్నన్నాళ్ళూ నన్ను మూగాయన అనేవారు. అక్కడ మాట్లాడినా ఎవరికీ వినపడేది కాదు. అదే అలవాటైపోయింది.

ఇబ్బందంతా గుమ్మడికాయతోనే. మంగళవారం, శనివారం బస్టాండు క్యాంటీన్‌కు మా ఇంటి నుంచి గుమ్మడి కేకులు వెళ్తాయి. డబ్బాలో అమ్మే గుజ్జు ఆవిడ ముట్టదు. తాజా కాయ తెచ్చి, రెండు చెక్కలు చేసి, ఓవెన్‌లో కాల్చి, ఆ గుజ్జుతోనే చేస్తుంది. కాయ కాలిందో లేదో గడియారం చూడదు. పక్క గదిలో బట్టలు మడత పెడుతూ, ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చి "అయింది" అంటుంది. వెళ్ళి తలుపు తీస్తే అయ్యే ఉంటుంది.

ఇవాళ అనలేదు. నేను కుర్చీలో, ఆవిడ మంచం మీద, ఇద్దరం ఎదురుచూస్తూ కూర్చున్నాం. చివరికి నాకే మాడు వాసన తగిలింది. నోరు తెరిచేలోపు పొగ వచ్చింది.

"మీకు వాసన రాలేదా?"

"వచ్చింది."

"మరి చెప్పరేం?"

"చెబుదామనే..."

"మీరు చెబుదామనుకునేలోపు ఇల్లు అంటుకుంటుంది."

ఇంకో కాయ ఉంది కాబట్టి సరిపోయింది.

4, మంగళవారం

కేకులు వెళ్ళాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ హుషారుగా ఉంది. నేనూ.

6, గురువారం

వంటింట్లో నాకు స్టూలు పడింది. ఓవెన్ ఎదురుగా కూర్చుని వాసన చూడటం నా ఉద్యోగం.

నా ముక్కు కూడా అంత గొప్పదేం కాదు. ఏళ్ళ తరబడి చెక్క పొట్టు పీల్చిన ముక్కు. టేకో మామిడో దేవదారో కళ్ళు మూసుకుని చెప్పేస్తాను. గుమ్మడికాయ గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆవిడ కాయతో మాట్లాడుతుంది. ఇది నాకు ముందే తెలుసు, గోడ అవతలి నుంచి వినేవాణ్ణి. దగ్గర కూర్చుని చూడటం ఇదే మొదలు. కాయను అరచేత్తో తట్టి, "ఏమే, బరువైతే ఉన్నావు. లోపల సరుకుందా, నీళ్ళేనా?" అంది. తొడిమ విరిచి, "అబ్బో, ఎంత బెట్టు!" అంది. గింజలూ పీచూ గరిటెతో గీకి తీస్తూ, "ఇంత జుట్టు ఎందుకు పెంచావే తల్లీ" అంది. కోసిన వైపు నూనె రాసి, ట్రేలో బోర్లించి, "పడుకో ఇక" అని తలుపు వేసింది.

కాలాక ఒక చెంచా గుజ్జు నా నోట్లో పెట్టింది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

ఇంకేం చెప్పాలో తోచలేదు. "బాగుంది" అన్నాను మళ్ళీ.

"పెళ్ళైన మర్నాటి నుంచీ ఇదే మాట. ఉప్పు మరిచిపోయిన సూపు పోసినా బాగుందే. రాయిలాంటి బన్ను పెట్టినా బాగుందే. నాకు ముక్కున్నన్నాళ్ళూ చెల్లింది. ఇప్పుడు మీరు కూడా ఇలా అంటే నేనెక్కడికి పోను?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

7, శుక్రవారం

కొత్త కాయ. పచ్చ చారలు, కాస్త వంకర మెడ. కాల్చాం. రంగు బాగా వచ్చింది.

ఆవిడ చెంచా పట్టుకుని నా మొహంలోకే చూస్తూ నిలబడింది. బస్సు వస్తుందో రాదో అని రోడ్డు వైపు చూసేవాళ్ళుంటారే, అలా.

కాస్త చేదు తగిలినట్టుంది. పొద్దున బీపీ మాత్ర మింగకుండా నోట్లో కరగనిచ్చాను. దానిదే అయి ఉంటుంది.

"బాగుంది" అన్నాను. ఆవిడ మొహం విచ్చుకుంది. ఇంకో చెంచా ఇచ్చింది.

చాలా చేదు మాత్ర. ఈ మధ్య కంపెనీ మార్చినట్టున్నారు.

8, శనివారం

మాత్ర కాదు.

మధ్యాహ్నం క్యాంటీన్ కోడలు వచ్చింది. బస్టాండు క్యాంటీన్‌కు కోడలుగా వచ్చి, అత్తగారి చేతిలోంచి గరిటె తీసుకుని మొత్తం తనే నడుపుతోంది కాబట్టి ఊరంతా ఆ పిల్లను అలాగే పిలుస్తారు. మా ఆవిడంటే ప్రాణం. పెట్టె వెనక్కి తెచ్చింది. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడింది.

"పిన్నీ, ఏమీ అనుకోకు. ఒక ముక్క తిని చూడు."

ఆవిడ విరిచి నోట్లో వేసుకుంది. నమిలింది. క్యాంటీన్ కోడలు ఆవిడ నోటి వంక చూస్తోంది. నేను నేల వంక.

"బాగానే ఉందే" అంది ఆవిడ.

ఆ పిల్ల మొహం చూడాలి!

"బాగానే ఉందా! పిన్నీ, డ్రైవరొకాయన ఒక్క ముక్క కొరికి, నాలుక పట్టుకుని బస్టాండంతా తిరిగాడు. మందుల షాపుకు పోవాల్సిన పెట్టె పొరపాటున నాకొచ్చిందేమో అనుకున్నాను. నీ చేతి కేకు చేదుగా ఉండటమేమిటి?"

ఆవిడ నమలడం ఆపింది. మింగేసింది. మంచినీళ్ళు కూడా అడగలేదు.

"కాయ చేదుదై ఉంటుందే" అంది మెల్లగా.

"అదే అయి ఉంటుంది. మంగళవారం వద్దులే పిన్నీ. ఒంట్లో కుదుటపడ్డాక చూద్దాం. బాబాయ్, కాస్త చూసుకో పిన్నిని."

తలూపాను.

ఆ పిల్ల వెళ్ళాక ఆవిడ నా వైపు తిరిగింది.

"మీకు నిన్ననే తెలిసిందా?"

నేను పెట్టె మూత వేయబోయాను.

"తెలిసిందన్నమాట."

కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. పెట్టెలోని కేకులన్నీ చెత్తబుట్టలో పోసి, పెట్టె కడిగి, తుడిచి, అటక మీద పెట్టేసింది.

9, ఆదివారం

మాట్లాడలేదు.

10, సోమవారం

"భోజనానికి రండి" అంది. రోజంతా అంతే.

12, బుధవారం

మా ఇంట్లో ఫ్రిజ్ మోత చేస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. వంటింటి కుళాయి కారుతుందనీ తెలియదు. పై వాటాలో ఎవరో దగ్గుతారు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుంది. ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నవే అయి ఉంటాయి. ఆవిడ మాటల కింద వినపడలేదు.

కుళాయి బాగుచేశాను. వాషరు మార్చాను. ఇప్పుడు ఇంకా నిశ్శబ్దంగా ఉంది.

14, శుక్రవారం

నేను బాగానే ఉన్నాను. మాటలు లేకపోతే నాకేం ఇబ్బంది? నాకు మొదటినుంచీ మాటలతో పని లేదు.

రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి స్టూలు మీద కూర్చుని వచ్చాను.

16, ఆదివారం

అమ్మాయి వచ్చింది. రెండు వీధుల అవతలే ఉంటుంది కానీ ఆఫీసు పని తెమలదు, ఆదివారమే వస్తుంది. వాళ్ళమ్మ ముక్కు సంగతి దానికి తెలియదు. అలసట అనుకుంటోంది.

"అమ్మా, ఇంకెన్నాళ్ళే ఈ చాకిరీ? ఆ ఓవెన్ సగం వంటిల్లు ఆక్రమించింది. అమ్మేసి హాయిగా కూర్చో."

ఎప్పుడూ అనే మాటే. ఎప్పుడూ ఆవిడ, "నన్ను కూడా అమ్మేసి ఇల్లు ఖాళీ చేయించు" అంటుంది. ఇవాళ అనలేదు.

"నాకూ అదే అనిపిస్తోంది" అంది.

అమ్మాయి బిత్తరపోయింది. తర్వాత సంబరపడింది. "మా ఆఫీసు ఎదురుగా హాస్టల్ ఉంది కదా, అక్కడి వంటావిడ పాత ఓవెన్ కోసం వెతుకుతోంది. వచ్చే ఆదివారం రమ్మంటాను. సరేనా?"

"సరే. మాటిచ్చానని చెప్పు."

"నాన్నా, నువ్వేమంటావు?"

నేను ఏదో అనేలోపు అదే అంది: "నాన్న అననే అనడు."

వద్దు అనాలనుకున్నాను. గ్లాసులు కడగడానికి వెళ్ళాను.

17, సోమవారం

మార్కెట్టుకు వెళ్ళి నేనే కాయ తెచ్చాను. ఆవిడ ఎంచినట్టే చిన్నదీ, బరువైనదీ, తొడిమ గట్టిగా ఉన్నదీ చూసి తీసుకున్నాను. కొట్టామె రంగు చూపించడానికి కాయకు గాటు పెట్టి ముక్క తీస్తే, పచ్చిదే నమిలాను. చేదు లేదు. కొట్టామె నన్ను వింతగా చూసింది.

ఇంటికొచ్చి కత్తి పెడితే దిగలేదు. పక్కకు జారింది. చెయ్యి తెగేదే. అప్పుడు ఆలోచన వచ్చింది. అటక మీదినుంచి నా చేతి రంపం దించాను.

స్టూలు బోర్లించి, దాని కాళ్ళ మధ్య కాయను ఇరికించి, మోకాలితో అదిమిపట్టి రంపం ఆడించాను. ఎన్నాళ్ళైందో రంపం పట్టి. చేతికి హాయిగా అనిపించింది. పసుప్పచ్చ పొట్టు వంటింటి నిండా ఎగిరింది. గింజలు గోడ దాకా పోయాయి.

చప్పుడు విని ఆవిడ వచ్చింది. గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏం చేస్తున్నారు?"

"కోస్తున్నాను."

"గుమ్మడికాయనా, గుమ్మాన్నా?"

ఎన్ని రోజులకు ఒక పూర్తి మాట! రంపం ఆపకుండా ఇంకాస్త గట్టిగా ఆడించాను, ఇంకేమైనా అంటుందేమోనని. అనలేదు. కానీ వెళ్ళిపోలేదు. గుమ్మానికి ఆనుకుని నా వైపు చూడనట్టు చూస్తూ నిలబడింది.

కాల్చాను. ట్రేకు నూనె రాయడం మరిచిపోయాను, తొక్క అంటుకుపోయింది. గీకి తీసి, చెంచాతో నోట్లో పెట్టుకున్నాను.

"ఎలా ఉంది?" అంది. నా వైపు చూడకుండా కిటికీకి చెప్పినట్టు అంది.

నోటి చివరికి ఎప్పటి మాటే వచ్చింది. మింగాను. గుజ్జు కూడా మింగాల్సి వచ్చింది, అది ఇంకా కష్టమైంది.

"బాగోలేదు" అన్నాను.

ఆవిడ గిర్రున తిరిగింది. "ఏమిటీ?"

"బాగోలేదు. రంపం నూనె వాసన వస్తోంది. తుప్పు పట్టకుండా అప్పుడెప్పుడో రాసిపెట్టాను. తుడవడం మరిచిపోయాను."

ముందు ఆవిడ పెదవి వణికింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది. గోడకు ఆనుకుని, జారి, నేల మీద గింజల మధ్య కూర్చుని మరీ నవ్వింది.

"కాపురానికొచ్చినప్పటినుంచీ ఆ మాట కోసం కాచుకుని కూర్చున్నాను. తీరా మీ వంటకే అన్నారా!"

పొట్టు ఊడవడానికి మధ్యాహ్నం పట్టింది. ఇద్దరం ఊడ్చాం.

18, మంగళవారం

ఇంకో కాయ. ఈసారి కత్తితోనే. ఎక్కడ పెట్టాలో ఆవిడ చూపించింది. తొడిమ పక్కన కాదు, కాయ నడుముకు కాస్త పైన మొన దించి, కింద గుడ్డ వేసి, పిడి మీద అరచెయ్యి మోపాలి. చూస్తే దుంగ చీల్చినట్టే. గాటు పడ్డాక కాయ తనంతట తనే విచ్చుకుంటుంది.

బోర్లించి తలుపు వేశాం. నేను స్టూలు మీద. ఆవిడ పక్కన పీట మీద.

"ఏం వాసన వస్తోంది?"

ఆలోచించాను. గుమ్మడికాయ మాటలు నా దగ్గర లేవు. ఉన్న మాటలే చెప్పాను.

"తడి పొట్టు."

"ఏమిటది?"

"వానలో తడిసిన దుంగ కోస్తే వచ్చే పొట్టు. చల్లగా ఉంటుంది. కాస్త మట్టి వాసన."

"నా గుమ్మడికాయ మీ కంటికి దుంగలా ఉందా!" అంది. మళ్ళీ తనే, "అయితే లోపల ఇంకా నీరుంది. కానివ్వండి" అంది.

కొంతసేపటికి మళ్ళీ అడిగింది.

"ఇప్పుడు మట్టి పోయింది. నీడన ఆరిన పలక. రంగు వేయని కొత్త తలుపు దగ్గర నిలబడినట్టు ఉంది."

"ఊఁ. తర్వాత?"

తర్వాత అన్నప్పుడే అది వచ్చింది. మిల్లులో ఎండిన మామిడి దుంగ కోసేటప్పుడు, చివరి జానెడు మిగిలి ఉండగా, రంపం పళ్ళు వేడెక్కి ఒక తియ్యటి వాసన లేస్తుంది. మాడు కాదు. మాడుకు ముందు మెట్టు. అది రాగానే మేం చెయ్యి తేలిక చేసేవాళ్ళం. అది ఇక్కడ, ఈ ఓవెన్‌లోంచి వచ్చింది. ఆవిడకు చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు, చాలా మాటలే పట్టాయి.

ఆవిడ పీట మీదినుంచి లేచి నిలబడింది.

"అదే! నేను 'అయింది' అనేది దాన్నే! తీయండి, తీయండి!"

తీశాం. తొక్క ముడతలు పడింది. కత్తి మొన వెన్నలోకి దిగినట్టు దిగింది. తిప్పి చూస్తే అంచులు గోధుమ రంగు తిరిగి మెరుస్తున్నాయి. ఆరాక తొక్క చొక్కా విప్పినట్టు ఊడొచ్చింది. గుజ్జు పల్చటి గుడ్డలో కట్టి కుళాయికి వేలాడదీసింది. నీరంతా కారకపోతే కేకు ముద్దైపోతుందట. ఆ కుళాయి ఇప్పుడు కారడం లేదు. గుడ్డ కారుతోంది.

ఆవిడ పడుకునే దాకా మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడిందో అన్నీ గుర్తులేవు.

20, గురువారం

మళ్ళీ డీలాపడింది.

"ఓవెన్ సంగతి ఏం చేద్దాం?" అని నేనే అడిగాను. నేనే అడిగాను!

"ఏముంది చెయ్యడానికి? మాటిచ్చాను. పాపం ఆ హాస్టల్ వంటావిడ బండి కూడా మాట్లాడుకుందట."

"వద్దని చెప్పొచ్చు."

"చెప్పి? ఎన్నాళ్ళని మీ నాలుక మీద బతకను? రేపు ఒకరోజు నేను చిన్నబుచ్చుకుంటానని మళ్ళీ 'బాగుంది' అంటారు. అప్పుడు?"

అననని చెప్పాలి. అననని నాకు మాత్రం ఏం తెలుసు? ఊరుకున్నాను. ఊరుకోవడమే ఆవిడకు జవాబైంది కాబోలు. దుప్పటి లాక్కుని అటు తిరిగింది.

22, శనివారం

ఉన్న గుజ్జు పాడవుతుందని ఆవిడ నిన్న చేసిన కేకులు నాలుగు ఉన్నాయి. చెప్పకుండా డబ్బాలో పెట్టుకుని బస్టాండుకు వెళ్ళాను.

క్యాంటీన్ లోపల జనం. బయట నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడ్డాను. ఒక బస్సు పోయింది, ఇంకో బస్సు వచ్చింది. ఖాళీ గ్లాసులు ఏరుకోవడానికి వచ్చి క్యాంటీన్ కోడలే నన్ను చూసింది.

"బాబాయ్! నువ్వేంటి ఇక్కడ? పిన్ని ఎలా ఉంది?"

డబ్బా చాచాను. ఆ పిల్ల డబ్బా వంక పామును చూసినట్టు చూసింది.

"చేదు లేదు" అన్నాను.

"పిన్ని చెప్పమందా?"

"నేనే చెబుతున్నాను. నేను తిన్నాను. చేదు లేదు. అంచు కాస్త ఎక్కువ కాలింది. మధ్యలో మెత్తగా ఉంది. ఉప్పు చిటికెడు తక్కువైంది."

ఆ పిల్ల గ్లాసులు పక్కన పెట్టేసింది. "బాబాయ్, నువ్వు ఇంతసేపు మాట్లాడటం ఇదే వినడం" అంది. చిటికెడు తుంచి నోట్లో వేసుకుంది. భయంభయంగా నమిలింది. తర్వాత పెద్ద ముక్క తుంచుకుంది. ఆ తర్వాత డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది, ఖాళీ డబ్బాతో వచ్చింది.

"ఆ డ్రైవరుకే పెట్టాను. నాలుక తిరిగొచ్చిందన్నాడు. మంగళవారం ఎప్పటిలా పంపమను."

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను.

"మంగళవారం పంపమంది."

ఆవిడ మొహంలో వెలుగు వచ్చింది, అంతలోనే పోయింది.

"మంగళవారానికి ఓవెన్ ఏదండీ?"

23, ఆదివారం

రాయడానికి చాలా ఉంది. వరసగా రాస్తాను.

హాస్టల్ వంటావిడ పొద్దున్నే వచ్చింది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. వెంట తోపుడు బండీ, బండాయనా. వస్తూనే ఓవెన్ చుట్టూ తిరిగి, తలుపు తీసి, వేసి, పక్కన ఒకటి తట్టి, "బాగానే ఉంది. మంట సమానంగా పడుతుందా?" అంది.

"పడుతుంది. చూపిస్తాను" అని మా ఆవిడ కాయ కోసింది. గట్టిగా కోసింది. మొహం చూడనివ్వలేదు. కాయతో ఒక్క మాట అనలేదు. బోర్లించి లోపల పెట్టింది. "ఇది కాలగానే ఆపేస్తాను. చల్లారాక ఎత్తించుకోండి."

"దానికేం, కూర్చుంటాం" అంది వంటావిడ. కూర్చుంది. బండాయన గుమ్మం దగ్గర చతికిలబడ్డాడు. మా ఆవిడ మొన్న వేయించిన గుమ్మడి గింజల గిన్నె అతని ముందు పెట్టింది. నేను నా స్టూలు ఎక్కాను.

తడి పొట్టు వచ్చింది. పోయింది. ఆరిన పలక వచ్చింది. వంటావిడ హాస్టల్ పిల్లల గురించి చెబుతోంది, వాళ్ళు ఉడికిన కూర చూస్తే మొహం తిప్పుకుంటారట, కేకంటే ప్లేటు కూడా నాకుతారట. మా ఆవిడ ఊఁ కొడుతోంది.

వేడి రంపం వాసన వచ్చింది.

"అయిందా?" అని మా ఆవిడ అలవాటుగా నన్ను అడిగింది.

అయింది. అవుననాలి. అంటే ఆపేస్తుంది. ఆపేస్తే చల్లారుతుంది. చల్లారితే బండెక్కుతుంది.

"కాలలేదు. ఇంకాసేపు ఉండాలి" అన్నాను.

ఆవిడ సరేనంది. వంటావిడ ఇంకో కథ ఎత్తుకుంది. టీ తాగాం. బండాయన గింజలు ఒలుచుకుంటున్నాడు.

"ఇప్పుడు?"

"కాలలేదు."

"ఇది కాయా, బండరాయా?" అంది వంటావిడ. "ఇంతసేపు పడితే మా పిల్లలకు సాయంత్రానికి కూడా కేకు అందదు. మంట తక్కువేమో చూడండమ్మా."

"మంట బాగానే ఉంది" అంది మా ఆవిడ. రోషం వచ్చింది. లేచి తలుపు తీసి, కాయ వీపు మీద వేలు పెట్టి నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది. తొక్క కూలబడింది. అంతకు మించి కాలడానికి ఆ కాయలో ఏమీ లేదు.

ఆవిడకు ముక్కు లేదు గానీ వేలుందని నేను మరిచిపోయాను.

వేలు చటుక్కున లాక్కుని, ఊదుకుంటూ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను కళ్ళు దించుకోలేదు.

తలుపు వేసేసింది.

"అవునండీ. ఇంకా కాలలేదు" అంది వంటావిడతో.

వచ్చి పీట లాక్కుని నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఓవెన్ వంకే చూస్తూ కూర్చున్నాం. ఆవిడ భుజం వణుకుతోంది. నవ్వు ఆపుకుంటోందని అర్థమైంది.

"అమ్మగారూ, పొగ వస్తోంది" అన్నాడు బండాయన.

"అది కాయలో తడి."

"నల్లగా ఉందమ్మా."

"తడి అలాగే ఉంటుంది."

వంటావిడ లేచింది. నడుం మీద చేతులు పెట్టుకుని మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసింది.

"బాబాయిగారూ, ఈ కాయ ఈ జన్మలో కాలుతుందా?"

"కాలదు" అన్నాను.

"అమ్మనని చెప్పడానికి నోరు లేదా?"

ఎదురుగా కొత్త మనిషి. బండాయన కూడా వింటున్నాడు. అయినా అన్నాను.

"ఉంది. అమ్మం. ఆవిడ చేస్తుంది. నేను వాసన చూసి చెబుతాను. బాగుంటే బాగుందంటాను. లేకపోతే లేదంటాను. ఆవిడ చిన్నబుచ్చుకున్నా సరే అంటాను. ఓవెన్ ఇవ్వం."

చివరి మాటలు వంటావిడతో కాదు. అది మా ఆవిడకూ తెలుసు.

"వాసన ఈయన చూడటమేమిటి?" అంది వంటావిడ.

మా ఆవిడ చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగ కూడా బాగానే ఉంది. "జ్వరమొచ్చి నా ముక్కు పోయిందండీ. నాలుకా పోయింది. ఎవరికీ చెప్పలేదు. కూతురిక్కూడా" అని, మొదటిసారి చూసిన మనిషికి అంతా చెప్పేసింది. కూర్చోబెట్టి మరీ చెప్పింది. చేదు కేకు, డ్రైవరు నాలుక, నా రంపం, అన్నీ. వంటావిడ మొదట అయ్యో అంది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. ఈలోపు ఓవెన్ ఆపేశాను. తలుపు తీస్తే రెండు బొగ్గు చిప్పలు.

వంటావిడకు కోపం రాలేదని కాదు. "ఆదివారం పూట నా బండి ఖర్చు దండగ చేశారు" అని గుమ్మం దిగుతూ అంది. బండాయన, "పోన్లే అమ్మా, గింజలు బాగున్నాయి" అన్నాడు. జేబులో కూడా పోసుకున్నాడు. నేను చూశాను, ఏమీ అనలేదు.

సాయంత్రం ఆవిడ అమ్మాయికి ఫోను చేసి ముక్కు సంగతి చెప్పింది. ఇంతకాలం దాచినందుకు అది ఇద్దర్నీ చెరిసగం తిట్టింది. రేపు డాక్టరు దగ్గరకు తీసుకెళ్తుందట.

24, సోమవారం

డాక్టరు ముక్కులో లైటు వేసి చూశాడు. రావచ్చు, రాకపోవచ్చు, తొందరపడొద్దన్నాడు. దారిలో ఆవిడ, "ఈ మాత్రం దానికి లైటెందుకు, నన్నడిగితే చెప్పేదాన్ని" అంది. ఇంటికొచ్చేదాకా డాక్టరు చొక్కా గురించి, అతని బల్ల మీది దుమ్ము గురించి, బస్సు కుదుపుల గురించి చెప్పింది. వచ్చాక రెండు కాయలు కాల్చాం.

25, మంగళవారం

కేకులు వెళ్ళాయి. డబ్బాలు ఖాళీగా తిరిగొచ్చాయి. హాస్టల్‌కు కూడా గురువారం ఒక పెట్టె కావాలని కబురొచ్చింది, కాలిన కేకులే పంపమని వంటావిడ మరీ మరీ చెప్పిందట.

అందుకని ఇవాళ పొద్దున్నుంచీ కాయ మీద కాయ. ఆవిడ ప్రతి దానికీ అడుగుతుంది. ఒక్క మాటతో వదలదు. తడి ఎంత, ఏ చెక్క తడి, నిన్నటి కంటే తీపి ఎక్కువా తక్కువా, పీచు పంటికి తగులుతోందా, మింగాక నాలుక మీద ఏం మిగిలింది. మూడో కాయ నీళ్ళగా ఉందన్నాను. మొహం మాడ్చుకుంది. అయినా అన్నాను. ఆ గుజ్జు పక్కన పెట్టి సూపు చేసింది. సూపులో ఉప్పు ఎక్కువైందని కూడా అన్నాను. "చాల్లెండి, అలవాటు బాగానే అబ్బింది" అంది.

మధ్యాహ్నానికి నా గొంతు బొంగురుపోయింది. ఇన్ని మాటలు ఒకే పూట ఎన్నడూ ఆడలేదు. మాట రావడం లేదని చేత్తో సైగ చేశాను.

ఆవిడ గ్లాసుతో వేడినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఉప్పేశాను. పుక్కిలించండి. సాయంత్రానికి గొంతు సరవ్వాలి, ఇంకో రెండు కాయలున్నాయి."